వాన కబురు, ప్రయాణం లెక్క

"ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది." జూన్ మొదలుకొని డిసెంబరు దాకా ఈ వాక్యం గానీ, దాదాపు ఇలాంటిదే మరొకటి గానీ తునిలో ఉండేవారి చెవిన పడని వారం అరుదు. విన్నవారు మామూలుగా దాన్ని రెండు ముక్కల్లోకి కుదించుకుంటారు: వాన పడుతుందన్నారు, లేదా పడదన్నారు. సాయంత్రానికి చినుకు రాలకపోతే వాతావరణ శాఖ తప్పు చెప్పిందని తీర్మానం. పడదనుకున్న రోజున తడిసి ముద్దయితే అదే తీర్మానం మరింత గట్టిగా. ఆ తీర్మానం ఎందుకు నిలవదో ఈ అధ్యాయంలో చూద్దాం. వర్షసూచన అన్నది వాన పడుతుందా పడదా అన్న ప్రశ్నకు జవాబుగా తయారయ్యేది కాదు. ఎంత మేర, ఏ వేళల మధ్య, ఎంత వాన, ఎంత అవకాశం అనే నాలుగు సంగతులను ఒక వాక్యంలో ఇముడ్చుకున్న మాట అది. బయల్దేరాలా, ఆగాలా, దారి మార్చుకోవాలా అన్నది అందులో ఉండదు. ఉండడానికి వీల్లేదు కూడా. మన ప్రయాణం ఎంత అవసరమైనదో, ఆగిపోతే మనకేం పోతుందో వాతావరణ శాఖకు తెలియదు కదా. అందుకే ఒకే సూచన విన్న ఇద్దరు ప్రయాణికులు తుని ఆర్టీసీ కాంప్లెక్సులో పక్కపక్కనే నిలబడి రెండు వేర్వేరు నిర్ణయాలకు రావచ్చు. ఆ రెండూ సరైనవే కావచ్చు.

ముందు ఆ వాక్యంలో ఏముందో విప్పి చూద్దాం. అందులో ప్రతి మాట వెనకా ఒక కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అదీ దాటితే అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు. కనీసం 2.5 మిల్లీమీటర్లయినా పడని రోజును వాన రోజుల లెక్కలో వేయరు. చదరపు మీటరు నేల మీద లీటరు నీరు పడితే అది ఒక మిల్లీమీటరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న డాబా మీద 64.5 మిల్లీమీటర్లంటే 6,450 లీటర్లు. ఆ నీరంతా ఒక్క గంటలో పడితే వీధి కాలువలు పొంగి రోడ్డెక్కుతాయి. ఇరవై గంటల ముసురుగా పడితే గొడుగేసుకుని ఎవరి పని వారు చూసుకోవచ్చు. బులెటిన్‌లో మాత్రం రెంటికీ పేరు ఒకటే. ప్రయాణికుడికి ఇది మొదటి చిక్కు. రోజు అన్న మాటతో రెండోది. వాన కొలిచే రోజు అర్ధరాత్రి మొదలవదు, ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది. మంగళవారానికి చెప్పిన భారీ వర్షం మంగళవారం పగలంతా తెరిపి ఇచ్చి బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి కుండపోతగా పడినా సూచన నెరవేరినట్లే. తెల్లవారుజాము రైలుకు స్టేషనుకు వెళ్లాల్సిన వారు మంగళవారం మాటను బుధవారానికి కూడా వర్తింపజేసుకోవాలి.

ఇక ఒకటి రెండు చోట్ల అన్న మాట. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగోవంతు లోపు కేంద్రాల్లో పడితే ఈ మాట వాడతారు. సగం లోపు అయితే కొన్ని చోట్ల, ముప్పాతిక లోపు అయితే చాలా చోట్ల, ఆపైన దాదాపు అన్ని చోట్ల. అంటే మొదట చెప్పుకున్న వాక్యం అక్షరాలా నిజమైన రోజున కూడా ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో కనీసం ముప్పాతిక వంతు భారీ వర్షాన్ని చూడవు. తునిలో నేల తడవలేదన్నది ఆ వాక్యానికి వ్యతిరేక సాక్ష్యం కానే కాదు. అవకాశం ఉంది అన్న మాటకూ అంకెలున్నాయి. శాఖ వాడే పట్టికలో మామూలు అవకాశం అంటే 25 నుంచి 50 శాతం, ఎక్కువ అవకాశం అంటే 50 నుంచి 75, అన్నిటికన్నా గట్టి మాటకు 75 పైన. అంటే మామూలుగా అవకాశం ఉంది అని చెప్పినప్పుడు పడకపోయే పాలే ఎక్కువ. ఈ ఒక్క సంగతి ప్రతి బులెటిన్‌తో పాటు నలుగురికీ చెబితే వాతావరణ శాఖ మీద నిందల్లో చాలా భాగం తగ్గిపోతుంది. చెప్పకపోవడం ప్రసార సాధనాల లోపమే.

ఫోన్లలో ఈ అవకాశం శాతంగా కనిపిస్తుంది. 30 శాతం అంటే ఏమిటి? జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్, ఆయన సహచరులు ఇదే ప్రశ్నను ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, బెర్లిన్, మిలాన్, న్యూయార్క్ నగరవాసులను అడిగి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఐరోపా నగరాల్లో ఎక్కువ మంది రోజులో 30 శాతం సేపు వాన పడుతుందనో, ఊళ్లో 30 శాతం మేర పడుతుందనో అనుకున్నారు. న్యూయార్క్‌లో మాత్రం ఎక్కువ మంది సరిగ్గా చెప్పారు. అమెరికాలో 1960ల మధ్య నుంచి రోజూ శాతాల్లోనే చెబుతూ రావడం దీనికి ఒక కారణం. ఇప్పటిలాంటి వాతావరణం నెలకొన్న రోజులు పది తీసుకుంటే వాటిలో మూడింటిలో ఈ చోట వాన పడుతుందన్నదే అసలు అర్థం. ఈ అర్థంలోనే సూచనను పరీక్షించే దారి కూడా ఉంది. ఒక్క రోజును పట్టుకుని 30 శాతం సూచన తప్పిందనీ చెప్పలేం, ఒప్పయిందనీ చెప్పలేం. 30 శాతం అన్న రోజులన్నీ ఒకచోట రాసుకుని వాటిలో మూడోవంతు కంటే కాస్త తక్కువ రోజుల్లో వాన పడిందా అని చూడాలి. సగం రోజులు పడితే ఆ సూచన వానను తక్కువ చేసి చెబుతోంది, పదోవంతు పడితే ఎక్కువ చేసి చెబుతోంది. ఒక సీజను పాటు క్యాలెండరు మీద టిక్కులు పెట్టుకునే ఓపిక ఉన్నవారెవరైనా ఈ పరీక్ష చేయవచ్చు. తిట్టడం కంటే ఇది చాలా మేలైన పని.

అవకాశాల భాషలో కాకుండా ఫలానా గంటకు ఫలానా ఊళ్లో అని ఎందుకు చెప్పలేరన్నది సహజమైన ప్రశ్న. దీనికి జవాబు వాన రకాన్ని బట్టి మారుతుంది. తుని గోదావరి డెల్టాకు ఉత్తరాన, తూర్పు కనుమల గుట్టలు సముద్రం వైపు జరిగి వచ్చిన చోట ఉంది. నైరుతి రోజుల్లో పగలంతా కాగిన నేల మీద, కొండల అంచున మధ్యాహ్నానికి మేఘాలు లేస్తాయి. ఒక్కో ఉరుముల మేఘం అడ్డం అయిదు నుంచి పది కిలోమీటర్లు, ఆయుర్దాయం అరగంట నుంచి గంట. అది పక్కనున్న కోటనందూరు మీద పడుతుందా, తుని మీద పడుతుందా అన్నది పొద్దున్నే చెప్పడం ఇవాళ ప్రపంచంలో ఎవరి వల్లా కాదు. వాతావరణాన్ని లెక్కగట్టే నమూనాలు భూమిని గళ్లుగా విడదీస్తాయి. మన దేశం చాలా ఏళ్లు వాడిన నమూనాల్లో ఒక్కో గడి సుమారు 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. గడి కంటే చిన్న మేఘాన్ని గడి పట్టుకోలేదు. మేఘం పుట్టాక దాన్ని చూసేది రాడార్. తునికి సుమారు 95 కిలోమీటర్ల దూరంలో విశాఖలో ఒకటి, దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో మచిలీపట్నంలో మరొకటి ఉన్నాయి. రాడార్ కిరణం నేలకు కాస్త ఎత్తుగా బయల్దేరుతుంది, భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరం పోయే కొద్దీ నేల దాని కింద నుంచి జారిపోతుంది. విశాఖ నుంచి వచ్చే కిరణం తుని మీదికి వచ్చేసరికి నేలకు దాదాపు కిలోమీటరున్నర పైన, మచిలీపట్నం నుంచి వచ్చేది దాదాపు నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. రాడార్ బొమ్మలో తుని మీద కనిపించే ఎరుపు ఆ ఎత్తున ఉన్న చినుకులది. అవి నేలకు దిగేలోగా గాలి వాటిని పక్కకు తోసుకుపోవచ్చు. అయినా వచ్చే రెండు మూడు గంటలకు ఇంతకంటే నమ్మదగిన సాధనం మరొకటి లేదు. మూడేసి గంటలకు శాఖ ఇచ్చే తక్షణ సూచనకు ఆధారం ప్రధానంగా ఇదే.

వాయుగుండం, తుపాను వానల కథ వేరు. వాటి వెడల్పు వందల కిలోమీటర్లు, ఆయుర్దాయం రోజులు. అందుకే రోజుల ముందే వాటి జాడ దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విషయంలో తీరం దాటే చోటు గురించి కొన్ని రోజుల ముందునుంచే హెచ్చరికలున్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా కాకినాడ పరిసరాల్లో తీరం దాటుతుందని ముందే చెప్పారు, అది నర్సాపురం దగ్గర దాటింది. ఆ తేడాను తప్పుగా చూపించేవారు తుపాను వెడల్పును మరచిపోతున్నారు. దాని గాలివానలు తుని మీద పడటానికి తుపాను కన్ను తుని మీదుగా పోనవసరం లేదు. కాబట్టి ఒక నియమం పెట్టుకోవచ్చు: ఉరుముల వానకు గంటల నమ్మకం, వాయుగుండానికి రోజుల నమ్మకం. పది రోజుల తర్వాత మధ్యాహ్నం మూడింటికి వాన అని ఫోను చూపించే బొమ్మను ఏ లెక్కలోకీ తీసుకోనవసరం లేదు. ఆ కచ్చితత్వం తెర మీద మాత్రమే ఉంటుంది.

పటాల మీద రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేనట్టు, పసుపు అయితే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడమని. ఈ రంగులు జిల్లాల వారీగా ఇస్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక తుని కాకినాడ జిల్లాలోకి, తాండవ నది అవతలి ఒడ్డున ఉన్న పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. ఒక్కోసారి పటంలో వంతెనకు ఇటు పసుపు, అటు నారింజ కనిపిస్తుంది. మేఘానికి జిల్లా సరిహద్దు లేదు. తునిలో ఉన్నవారు తమ జిల్లా రంగుతో పాటు అనకాపల్లి రంగు, అల్లూరి సీతారామరాజు జిల్లా రంగు కూడా చూడాలి. మూడో జిల్లా ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు నిర్ణయం దగ్గరికి వద్దాం. స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ 1922లోనే దీనికి ఒక సులువైన లెక్క చెప్పాడు. జాగ్రత్త పడటానికి అయ్యే ఖర్చును, జాగ్రత్త పడకపోతే కలిగే నష్టంతో భాగించాలి. చెడు జరిగే అవకాశం ఆ భాగఫలం కంటే ఎక్కువైతే జాగ్రత్త పడాలి, తక్కువైతే ఊరుకోవాలి. తుని నుంచి విశాఖకు ఉదయం తొమ్మిదింటి పరీక్షకు వెళ్లాల్సిన అభ్యర్థిని తీసుకోండి. ముందురోజు సాయంత్రమే వెళ్లి లాడ్జిలో ఉంటే 1,500 రూపాయలు ఖర్చు. పరీక్ష తప్పితే పోయే ఫీజు, ఏడాది శ్రమ కలిపి తక్కువలో తక్కువ 30,000 అనుకుందాం. భాగఫలం 5 శాతం. రైలు ఆగిపోయే అవకాశం పదిలో ఒకటి ఉన్నా ముందురోజే వెళ్లడం తెలివైన పని. అదే రోజు, అదే సూచన విని, సుమారు 17 కిలోమీటర్ల దూరంలో ఉన్న అన్నవరానికి సత్యనారాయణ వ్రతం చేయించుకోవడానికి స్కూటరు మీద బయల్దేరే దంపతులకు వాయిదా వేస్తే పోయేది ఏమీ లేదు, ముహూర్తం పట్టుబట్టి పెట్టుకుంటే తప్ప. వాళ్లు 40 శాతానికే ఆగిపోవచ్చు. రెయిన్‌కోటు డిక్కీలో వేసుకునే ఖర్చు దాదాపు సున్నా, కాబట్టి జూన్ నుంచి డిసెంబరు దాకా అది డిక్కీలోనే ఉండాలి, రోజూ సూచన చూడనవసరమే లేదు. పిడుగుల హెచ్చరిక ఉన్నప్పుడు లెక్క ఇంకా తేలిక. పోయేది ప్రాణం, ఆగడానికి ఖర్చు అరగంట. పొలాల మధ్య రోడ్డు మీద బండి నడిపేవారు కొద్దిపాటి అవకాశానికే ఏదైనా పక్కా భవనంలోకి చేరాలి. చెట్టు కిందికి మాత్రం కాదు.

ఈ లెక్కలో చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. వాన పడే అవకాశం, ప్రయాణం చెడే అవకాశం ఒకటి కావు. స్కూటరుకు వానే ఆటంకం, అక్కడ రెండూ దాదాపు ఒకటే. రైలుకు అలా కాదు. తుని ప్లాట్‌ఫారం మీద రెండు గంటలు కుంభవృష్టి పడినా ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చి వెళ్లిపోతుంది. తునిలో ఎండ కాస్తుండగా అది రాకుండానూ పోతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో తెలంగాణలో, కృష్ణా తీరంలో పడ్డ వానలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడ, కాజీపేట మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. హైదరాబాదు, విశాఖల మధ్య తుని మీదుగా తిరిగే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు అదే దారి. ఆ రోజు తుని సూచన మాత్రమే చూసుకుని సంచి సర్దుకున్నవారికి వాతావరణ శాఖ ఏ విధంగానూ సాయపడలేదు, ఎందుకంటే వాళ్లు చూడాల్సిన సూచన మూడు నాలుగు వందల కిలోమీటర్ల అవతలిది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర జరిగింది ఇంతకంటే ఘోరం. చెరువు తెగి వచ్చిన నీరు చిన్న రైలు వంతెనను తీసుకుపోయింది, డెల్టా ప్యాసింజరు ఆ ఖాళీలో పడింది, వందమందికి పైగా చనిపోయారు. పట్టాల మీద పడ్డ వాన కాదు వారిని చంపింది, ఎగువన చెరువులో చేరిన వాన.

నడినెత్తిన పడే వానకూ దారి మూసే వానకూ ఉన్న ఈ దూరం డెల్టా ప్రాంతంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా ఉండదేమో. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ నీరంతా ప్రధానంగా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల్లో పడ్డ వాన. అది ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజు రాజమహేంద్రవరంలో, అమలాపురంలో ఆకాశం తేటగా ఉన్నా కోనసీమ లంకల కాజ్‌వేలు మునిగిపోతాయి. తుని నుంచి కోనసీమలో పెళ్లికి వెళ్లాల్సినవారు అమలాపురం వర్షసూచన కంటే భద్రాచలం నీటిమట్టం చూసుకోవాలి. అది సూచన కూడా కాదు, అప్పటికే కొలిచిన అంకె. దానిలో అనుమానానికి తావు చాలా తక్కువ. వానను ముందుగా చెప్పడం కష్టం గానీ, పడిన వాన ఎక్కడికి ఎప్పుడు చేరుతుందో చెప్పడం అంతకంటే చాలా తేలిక. ప్రయాణికులు ఈ తేలిక సంగతిని వదిలేసి కష్టమైనదాని చుట్టూనే తిరుగుతుంటారు.

తునికి దగ్గరి ఉదాహరణలు రెండు. తాండవ కొండల్లో పుట్టి, నాతవరం దగ్గర జలాశయంలో ఆగి, తుని, పాయకరావుపేటల మధ్య నుంచి పెంటకోట వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. ఏజెన్సీలో రాత్రంతా వాన పడి జలాశయం గేట్లు ఎత్తితే తునిలో చినుకు లేకుండానే ఏరు నిండుతుంది. అల్లూరి జిల్లా రంగు చూడమన్నది ఇందుకే. రెండోది కాకినాడ దారి. తుని నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద కత్తిపూడి వచ్చి, అక్కడ 216 ఎక్కి గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా కాకినాడ చేరతారు. 2024 సెప్టెంబరు రెండో వారంలో ఏలేరు పొంగి గొల్లప్రోలు, పిఠాపురం పరిసరాల్లో కాలనీలు, వరి పొలాలు నీటిలో ఉండిపోయాయి. ఆ నీరు ఏలేశ్వరం దగ్గర జలాశయం నిండి కిందికి వదిలిన నీరు. కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు సమయం ఇచ్చిన రోగికి ఆ వారంలో కాకినాడ వర్షసూచన ఆకుపచ్చగా ఉన్నా పనికిరాదు. ఏలేరు జలాశయం మట్టం, గేట్ల నుంచి వదులుతున్న క్యూసెక్కులు పేపర్లో ఓ మూల వస్తాయి. ఆ మూల చదవాలి.

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం మిగులుతుంది, అది గట్టిదే. హెచ్చరికలు ఊరికే పోయిన సందర్భాలు ఉన్నాయి. 2013 నవంబరులో లెహర్ తీవ్ర తుపానుగా వస్తుందని తీరం ఖాళీ చేయించారు. అది సముద్రంలోనే నీరసించి 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. 2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర వైపు వస్తుందని పదుల కొద్దీ రైళ్లు రద్దు చేశారు. అది సముద్రంలోనే బలహీనపడి ఒడిశా వైపు మళ్లింది. టిక్కెట్లు పోగొట్టుకున్నవారి కోపం అర్థం చేసుకోదగిందే. అయితే ఆ రద్దు నిర్ణయం సరైనదా కాదా అన్నది నిర్ణయం తీసుకున్న గంటకు ఉన్న సమాచారంతో తూచాలి గానీ, మర్నాటి ఆకాశంతో కాదు. తుపాను వచ్చే అవకాశం సగమే అనుకున్నా, గాలివానలో పట్టాల మీద నిండు రైలు చిక్కుకుపోవడంతో పోలిస్తే ఒక రోజు రద్దు చాలా చవక. ఆంగ్‌స్ట్రోమ్ లెక్క రైల్వేకూ ఒకటే. ఊరికే పోయిన హెచ్చరికలు అసలే లేని వ్యవస్థ కావాలంటే హెచ్చరించాల్సిన చోట నోరు మూసుకునే వ్యవస్థను కోరుకున్నట్టే. మన తీరం 1977 నవంబరు 19న దివిసీమలో, 1996 నవంబరు 6న కోనసీమలో తుపానులకు ఎంత పోగొట్టుకుందో తెలిసినవారు అది కోరుకోరు.

ఎన్నిసార్లు ఒప్పయిందన్న లెక్క ఒక్కటే చూస్తే ఎంత మోసపోతామో 1884 నాటి ఒక ఉదంతం చూపిస్తుంది. అమెరికాలో జాన్ పార్క్ ఫిన్లీ అనే సైనికాధికారి సుడిగాలులను ముందుగా చెప్పడానికి పూనుకుని 2,803 సూచనలిచ్చాడు. 96.6 శాతం ఒప్పయ్యాయి. వెంటనే ఒక విమర్శ వచ్చింది: ఏ రోజూ సుడిగాలి రాదని కళ్లు మూసుకుని చెప్పినా 98.2 శాతం ఒప్పయ్యేది కదా అని. అంకె నిజమే. అయినా ఫిన్లీ 28 సుడిగాలులను ముందే చెప్పగలిగాడు, కళ్లు మూసుకున్నవాడు ఒక్కటీ చెప్పలేడు. ఫిబ్రవరిలో తునిలో రోజూ వాన లేదని చెప్పేవారికి ఎవరైనా వందకు తొంభై పైన మార్కులు వేయవచ్చు. సూచన విలువ తెలిసేది వాన పడ్డ ఆ కొద్ది రోజుల్లోనే.

మరో మాట పెద్దవాళ్ల నుంచి వినిపిస్తుంది: కార్తెలు చూసి, మబ్బు చూసి చెప్పేవాళ్లం, మాకు ఈ శాతాలెందుకని. ఆ మాటలో సగం నిజం ఉంది. కార్తెలు సూర్యుడి గమనాన్ని బట్టి వచ్చే పదమూడు, పద్నాలుగు రోజుల విభాగాలు. ఆరుద్రకు వానలు కుదురుకోవడం, స్వాతి రోజుల్లో తుపాను భయం ఉండటం తరాల తరబడి గమనించి నిలబెట్టుకున్న సగటు జ్ఞానం. పెళ్లి మూడు నెలల తర్వాత పెట్టుకోవాలంటే ఇవాళ్టికీ కంప్యూటరు కంటే ఆ సగటే మేలు. లోవ కొండల మీద నల్లగా కమ్ముకున్న మబ్బును, ఉన్నట్టుండి చల్లబడ్డ గాలిని చూసి గంటలో వాన అని చెప్పే కన్ను కూడా గొప్పదే, రాడార్ చేసేది అదే పని. కానీ ఎల్లుండి వాన తెచ్చే అల్పపీడనం ఇవాళ బంగాళాఖాతం నడిమధ్య ఉంటుంది, తుని నుంచి ఎంత నిక్కి చూసినా కనిపించదు. సగటుకూ కంటికీ మధ్య ఉన్న ఆ రెండు మూడు రోజుల జాగా ఉపగ్రహాలది, నమూనాలది.

రెండు యాప్‌లు రెండు రకాలుగా చెబితే ఏది నమ్మాలన్న ప్రశ్నకు క్లుప్తంగా: రెండింటి వెనకా వేర్వేరు నమూనాలుంటాయి. అవి ఏకీభవిస్తే నమ్మకం పెంచుకోవచ్చు, విభేదిస్తే ఆ విభేదమే ఇంకా తేలలేదన్న సమాచారం. హెచ్చరికల విషయంలో మాత్రం వాతావరణ శాఖ వారి మౌసమ్, పిడుగులకు దామిని, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపే సందేశాలు ముందు చూడాలి.

చివరిగా, చాలా ప్రణాళికల్లో మరుపున పడే సగం గురించి. సూచనను మనం పోయే దారికి చదువుతాం, తిరిగివచ్చే దారికి చదవం. తుని నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి పొగమంచు చూడటానికి వెళ్లేవారు తెల్లవారకముందే బయల్దేరతారు, ఆ వేళకు దారి పొడిగా ఉంటుంది. ఉరుముల వాన లేచేది మధ్యాహ్నం తర్వాత, కొండల్లోనే ముందు. అంటే దిగుదల సమయానికి. పైగా లంబసింగికి జనం ఎక్కువగా వెళ్లే నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో వాయుగుండాల నెలలు కూడా, అప్పుడు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడే ప్రమాదం వాన తగ్గాక కూడా ఒకటి రెండు రోజులుంటుంది. బయల్దేరేముందు ఇంట్లో తీసుకునే నిర్ణయం ఒక్కటే సరిపోదు. నర్సీపట్నంలో ఆగి, అప్పటి తక్షణ సూచన చూసి, కొండల మీద నారింజ రంగు ఉంటే ఘాట్ ఎక్కకుండా అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. కారులో పిల్లలున్నప్పుడు ఆ మాట వాళ్లకు తునిలోనే చెప్పి బయల్దేరడం మంచిది.